కత్తిపీట గోనెసంచిలో, గాయం హమాలీ చేతిలో

ఇల్లు మారుతున్నామని చెప్పిన ప్రతి కుటుంబాన్నీ నేను ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటాను: "మీ కత్తిపీట ఏ మూటలో ఉంది?" తడుముకోకుండా సమాధానం చెప్పినవారు నాకు అరుదుగానే తారసపడ్డారు. టీవీ ఏ అట్టపెట్టెలో ఉన్నదో చెప్పగలరు. దేవుని పటాలు ఎవరి ఒడిలో ప్రయాణం చేస్తాయో చెప్పగలరు. కొత్త ఇంట్లో పాలు పొంగించవలసిన గిన్నె ఎక్కడ ఉన్నదో ఇంట్లో అందరికీ కంఠోపాఠమే. కత్తిపీట మాత్రం "వంటింటి సామానులో ఎక్కడో" ఉంటుంది. కూరగాయల చాకులు "పేపరులో చుట్టి బకెట్టులో" ఉంటాయి. ఆ బకెట్టులో ముందుగా చేయి పెట్టేది ఎవరో ఎవరూ ఆలోచించరు. ఈ వ్యాసం ఆ చేతిని గురించి.

ఆషాఢం వెళ్ళి శ్రావణం ప్రవేశించగానే, అదే విధంగా వేసవి సెలవులలో బడులు తెరిచేలోపు, మన పట్టణాలలో ఇళ్ళు మారే సందడి ఎక్కువగా ఉంటుంది. ప్రభుత్వోద్యోగులకు బదిలీల ఋతువు వేరే ఉంటుంది. ఆ పుణ్యమా అని నేనూ పలుమార్లు సామాను కట్టుకున్నవాడినే. అంతకంటే ముఖ్యంగా, ఆ రోజులలో అత్యవసర విభాగంలో కూర్చుని, ఇళ్ళు మారేవారి సామాను మోసిన చేతులకు కుట్లు వేసినవాడిని. అందువల్ల దీనిని "చిన్నపాటి అజాగ్రత్త" అనే మెత్తని మాటతో సరిపెట్టడం నాకు సమ్మతం కాదు. మనం చుట్టిన కత్తి మన చేతిని కోయదు, ఎందుకంటే అది అక్కడ ఉన్నదని మనకు తెలుసు. కోసేది తెలియనివాని చేతిని. తెలిసినవాడు తెలియనివానికి చెప్పకుండా పదునైన అంచును మూటగట్టి అప్పగించడాన్ని ఏమని పిలవాలో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇరవై ఏళ్ళు నిండని ఒక కుర్రవాడు, రోజుకూలికి సామాను దింపడానికి వెళ్ళాడు. గిన్నెలతో నింపిన గోనెసంచిని రెండు చేతులా అడుగుభాగాన పట్టి ఎత్తాడు. లోపల, పళ్ళాల నడుమ, పాత చీరముక్కలో చుట్టిన కత్తిపీట ఉంది. సంచి బరువంతా ఆ అంచు మీద పడింది, ఆ అంచు అతని కుడిచేతి చివరి రెండు వేళ్ళ మీద పడింది. ఇంటివారు కంగారుపడ్డారు, కాఫీపొడి అద్దారు, గుడ్డ కట్టారు, చేతిలో కొంత డబ్బు పెట్టారు. రక్తం ఆగింది. మేస్త్రీ కూలి కోస్తాడన్న భయంతో ఆ కుర్రవాడు ఎడమచేత్తో మిగిలిన సామాను దింపాడు. మూడవ రోజున నా దగ్గరకు వచ్చేసరికి గాయం పైకి మానుతున్నట్లే ఉంది గాని, ఉంగరపు వేలు, చిటికెన వేలు మడత పడటం లేదు. పై ఆసుపత్రికి పంపించాము. ఆ తరువాత ఆ వేళ్ళు కొంత కదిలాయి, పూర్తిగా మాత్రం ముడుచుకోలేదు. బరువును బిగించి పట్టడానికి మనిషికి ఆసరా ఇచ్చేవి ప్రధానంగా ఆ రెండు వేళ్ళే. గుమాస్తాకు అది అసౌకర్యం. బస్తా మోసేవానికి అది జీవనాధారం.

"చిన్న గాయమే కదండీ" అన్న మాటను నా వైద్యవృత్తిలో విన్నన్ని సార్లు మరే మాటా వినలేదేమో. అరచేతిలో చిన్న గాయం అనేది చాలా సందర్భాలలో భ్రమ. వీపు మీద, తొడ మీద చర్మం కింద కొవ్వు, కండ ఉంటాయి. కత్తి రెండంగుళాలు దిగినా కుట్టుకు లొంగవచ్చు. వేలిలో ఆ రక్షణ లేదు. వేలిని మడిచే కండలు ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి తాళ్ళ వంటి స్నాయుబంధనాలు, అంటే మా భాషలో టెండన్లు, మణికట్టు దాటి, అరచేయి దాటి, వేలి లోపలి ఇరుకైన గొట్టాలలోంచి సాగి ఎముకకు అతుక్కుంటాయి. వేలికి రెండు ప్రక్కలా ఒక్కొక్క నరం, ఒక్కొక్క రక్తనాళం. ఇవన్నీ చర్మానికి కొన్ని మిల్లీమీటర్ల లోతులోనే ఉన్నాయి. అరచేతి పైమడత నుంచి వేలి మధ్య కణుపు దాకా ఉన్న భాగంలో రెండు స్నాయువులు ఒకే గొట్టంలో ఒదిగి ఉంటాయి. అమెరికన్ శస్త్రవైద్యుడు స్టెర్లింగ్ బన్నెల్ ఆ భాగాన్ని ఎవరూ కాలుపెట్టరాని నేలగా వర్ణించారు. అక్కడ తెగిన స్నాయువును వెంటనే కుట్టితే వేలు అతుక్కుపోతుందని ఆనాటి శస్త్రవైద్యులు చాలాకాలం వెనుకాడారు. 1960లలో హెరాల్డ్ క్లైనర్ట్, ఆయన సహచరులు శ్రద్ధగా చేస్తే అక్కడ కూడా తొలిదశలోనే కుట్టవచ్చునని నిరూపించారు. కుట్టిన తరువాత కూడా దాదాపు ఆరు వారాలు చేతికి బద్ద కట్టి, క్రమపద్ధతిలో వ్యాయామం చేయించాలి. బరువులు ఎత్తే బలం రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఏ మేస్త్రీ మూడు నెలలు కూలి ఇచ్చి కూర్చోబెడతాడు?

ఇందులో ఇంకొక మోసం ఉంది. సంచిని బిగించి పట్టినప్పుడు వేళ్ళు ముడుచుకొని ఉంటాయి. ఆ స్థితిలో తెగిన స్నాయువు, వేలు చాపగానే గాయం నోటి దగ్గర నుంచి ముందుకు జరిగిపోతుంది. గాయంలోకి తొంగిచూసినవారికి అంతా బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. తొందరలో ఉన్న వైద్యుడు చర్మం కుట్టి పంపించివేయగలడు. కనుక ప్రతి కణుపునూ విడిగా మడవమని చెప్పి చూడాలి. మత్తుమందు ఇవ్వక ముందే వేలికొనకు రెండు ప్రక్కలా స్పర్శ తెలుస్తున్నదో లేదో పరీక్షించాలి. చదువుకున్న గృహస్థులు గాయపడినవానితో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఈ రెండు పరీక్షలు జరిగాయా అని అడగండి. వైద్యుడు కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి.

ఇక వాదాలకు వద్దాము. "పేపరులో గట్టిగానే చుట్టాము" అనేది మొదటిది. కత్తికి అంచు ఒకటి, మొన ఒకటి. అంచు కోస్తుంది, మొన దూరుతుంది. వార్తాపత్రిక అంచును కొంతసేపు కప్పవచ్చు, మొనను ఆపలేదు. బండి గతుకులలో ఊగినప్పుడల్లా కత్తి కాగితంలో ముందుకు వెనుకకు జారుతుంది, జారినప్పుడల్లా ఒక్కొక్క పొరను కోసుకుంటూ పోతుంది. ఇంటి గుమ్మంలో భద్రంగా ఉన్న చుట్ట, పది మైళ్ళు వెళ్ళేసరికి ఒక కొనన తెరుచుకొని ఉంటుంది. పాత గుడ్డ అంతకంటే అపాయకరం. పట్టుకున్నవానికి అది గుడ్డల మూటలాగా తోస్తుంది, కనుక నిర్భయంగా బిగించి పట్టుకుంటాడు. బయటికి కనిపించే కత్తి అయితే కనీసం తన సంగతి తానే చెప్పుకుంటుంది.

"డబ్బు తీసుకున్నది వాళ్ళే, సర్దుకోవలసినది వాళ్ళే" అనేది రెండవ వాదం. ప్యాకర్స్ అండ్ మూవర్స్ అనే పేరు చొక్కా మీద ఉన్నంత మాత్రాన లోపలి మనిషికి మీ వంటింటి అరలు తెలియవు. అతనికి తెలిసినది సాయంత్రంలోపు ఇంకొక ఇల్లు ఖాళీ చేయాలనే తొందర. ఆ కుర్రవాళ్ళ చేతులకు తొడుగులు చూసినవారెందరు? ఏ అరలో ఎన్ని కత్తులు ఉన్నాయో ఈ భూమి మీద తెలిసిన మనిషి ఆ వంటింట్లో వండేవారొక్కరే. తెలిసినవారి మీదే బాధ్యత ఉంటుంది. పనివానికి దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలనే చట్టం మన దేశంలో 1923లోనే వచ్చింది. అయితే ఒక్క పూటకు వచ్చిన కుర్రవాడు ఎవరి పనివాడు అన్న ప్రశ్న తేలేలోపు అతని వేలు బిగుసుకుపోతుంది.

ఆసుపత్రులలో ఈ వాదాలు చెల్లవు. శస్త్రచికిత్స గదిలో పదునైన కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వకుండా, ట్రేలో పెడితే అవతలివారు తీసుకునే పద్ధతి ఉంది. వాడిన సూదులను, బ్లేడులను సంచిలో వేయడం నిషిద్ధం; 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం సూది దూరని, ద్రవం కారని తెల్లని పెట్టెలోనే వేయాలి. ఆ నియమం వైద్యుని కోసం పుట్టింది కాదు, చెత్త మోసే ఆయా కోసం, పారిశుద్ధ్య కార్మికుని కోసం పుట్టింది. మన పెద్దలు కొన్ని ఇళ్ళలో కత్తిని, కత్తెరను చేతికి అందించవద్దని, క్రింద పెడితే తీసుకుంటామని అనేవారు. చేతికిస్తే పగ వస్తుందని వారు చెప్పిన కారణాన్ని నేను ఒప్పుకోను. ఆచారాన్ని మాత్రం శిరసావహిస్తాను.

ఇల్లు మారేవారికి చెప్పే సూచనలు ఆంగ్లంలో కోకొల్లలు. వాటిలో చాకుల దిమ్మ ఉంటుంది, చాకుల తొడుగు ఉంటుంది, మన కత్తిపీట ఉండదు. మన వంటింటి పనిముట్లలో అత్యంత ప్రమాదకరమైనది అదే. చాకు పనిలో కత్తి కదులుతుంది, కూరగాయ నిలుస్తుంది. కత్తిపీట దగ్గర కత్తి నిలిచి ఉంటుంది, చేయి కదులుతుంది. అందుచేత దాని అంచు ఎల్లవేళలా పైకి లేచి, ఎదురుచూస్తూ ఉంటుంది. తలన కొబ్బరి కోరే పళ్ళు అదనం. ఒర లేని కత్తిని రాజులు నడుముకు కట్టుకోలేదు. మనం దానిని గిన్నెల మధ్య కుక్కుతున్నాము.

మడత కత్తిపీట అయితే మడిచి, పురికొసతో నాలుగు చుట్లు బిగించి, మూడు నాలుగు చోట్ల ముడివేయండి. మడత బిగువు మీద నమ్మకం పెట్టుకోవద్దు, పాతబడిన కొద్దీ అది వదులవుతుంది. మడవనిదైతే, తోటకు నీళ్ళు పట్టే రబ్బరు గొట్టం ముక్కను అంచు పొడవున కొలిచి, నిలువునా ఒక గాటు పెట్టి, అంచుకు తొడిగి, పైన టేపు చుట్టండి. గొట్టం లేకపోతే అట్టపెట్టె ముక్కను రెండు మడతలు పెట్టి తొడగవచ్చు. కోరు పళ్ళ మీద ఎండిన కొబ్బరి చిప్ప బోర్లించి కట్టండి. ఇంతకంటే సరిపోయే తొడుగు ఏ దుకాణంలోనూ దొరకదు. ఆ తరువాత దానిని ఒక్కదానినే ఒక అట్టపెట్టెలో, పీట అడుగున ఉండేటట్లు నిలిపి, కదలకుండా చుట్టూ పాత దుప్పటి దట్టించండి. సొంత కారో ఆటోయో ఉన్నవారు ఆ పెట్టెను సామాను బండికి ఎక్కించక తమతో తెచ్చుకోవడం ఉత్తమం.

చాకులకు అట్టముక్క చాలు. కత్తి మొన కంటే రెండు వేళ్ళ వెడల్పు పొడవుగా కత్తిరించి, రెండుగా మడిచి, కత్తిని మడతలోకి అంచు వెళ్ళేటట్లు పెట్టి, మొన వైపు కొసను వెనుకకు మడిచి టేపు వేయండి. పిడికి కూడా ఒక చుట్టు టేపు పడాలి, లేకపోతే అట్టలోంచి కత్తి జారి వస్తుంది. టేపు అంటుకోవలసినది అట్టకు, పిడికి. అలుగుకు అంటితే విప్పేటప్పుడు మరొక గాయం. ఇలా తొడిగిన చాకులన్నిటినీ, చెక్కు తీసే చాకును, తురుము పీటను, కత్తెరను ఒక తగరపు డబ్బాలో పెట్టి మూతకు టేపు వేయండి. పెట్టేటప్పుడు లెక్కపెట్టండి, ఆ అంకెను మూత మీద వ్రాయండి. కొత్త ఇంట్లో విప్పినప్పుడు లెక్క సరిపోవాలి. మిక్సీ జాడీల అడుగున బ్లేడు ఉంటుందన్న సంగతి కూడా చాలామంది మరచిపోతారు, మూత పెట్టి టేపు వేస్తే సరి.

పెట్టె మీద "కత్తులు" అని వ్రాస్తే పని అయిపోయిందని అనుకోవద్దు. నేడు హైదరాబాదులో గాని విశాఖపట్నంలో గాని సామాను మోసే కుర్రవాళ్ళలో ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వారికి మన లిపి రాదు. ఆంగ్లంలో వ్రాసినా కొందరికి చదవడం రాకపోవచ్చు. ఎర్రరంగు కలంతో నాలుగు ప్రక్కలా, పైన కూడా, కత్తి బొమ్మ గీయండి. ఇంట్లో పిల్లలు ఉంటే ఈ పని వారికి అప్పగించండి, ఆనందంగా చేస్తారు. బండి ఎక్కించే ముందు మేస్త్రీకి ఆ పెట్టెను చేత్తో చూపించి, "బాబూ, ఇందులో కత్తులున్నాయి" అని నోటితో చెప్పండి. దీనికంతటికీ పట్టే సమయం అరగంట. టీవీ తెరకు బబుల్ ర్యాప్ చుట్టడానికి ఇంతకంటే ఎక్కువ సేపే పట్టింది.

విదేశాలకు వెళ్ళే మన పిల్లలు పెట్టెలో కత్తిపీట పెట్టుకొని వెళ్ళడం నాకు తెలుసు, అక్కడ అది దొరకదన్న బెంగ కూడా అర్థమవుతుంది. విమానంలో చేతిసంచిలో కత్తులు నిషేధం. లోడుకు వేసే సామానులో పదునైన వస్తువులు ఉంటే, మోసేవారికి, తనిఖీ చేసేవారికి గాయం కాకుండా తొడుగు వేయాలనో గట్టిగా చుట్టాలనో అమెరికా రవాణా భద్రతా సంస్థ స్పష్టంగా చెబుతుంది. అక్కడి కూలివాని వేలి గురించి నియమం చదివి శ్రద్ధగా తొడుగు వేసే మనిషే, ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్‌కు ఇల్లు మారేటప్పుడు గోనెసంచి వెతుకుతాడు.

కొత్త ఇంటికి చేరిన మొదటి రోజు అపాయం ఇంకొక రూపంలో వస్తుంది. అరలు సర్దలేదు, దీపాలు అన్నీ బిగించలేదు, పెట్టెలు గది నిండా ఉన్నాయి. అట్టపెట్టె టేపు కోయడానికి ఎవరో కూరగాయల చాకు అందుకుంటారు, పెట్టెను పొట్టకు ఆనించుకొని తమ వైపుకే కోస్తారు. గుమ్మడికాయ కోయడానికి ఎన్నడూ కత్తి పట్టని యజమాని ముందుకు వస్తారు. నునుపైన కాయ దొర్లుతుంది, దానిని అదిమి పట్టిన ఎడమచేతి మీదికి కత్తి జారుతుంది. పెట్టెలు విప్పడానికి ఒక చిన్న కట్టరును జేబులో విడిగా ఉంచుకోండి. గుమ్మడికాయ పని అలవాటున్నవారికి వదలండి. కత్తుల డబ్బాను పిల్లలకు అందని ఎత్తులో పెట్టుకునే చోటు దొరికిన తరువాతే విప్పండి.

ఇంత చేసినా గాయం అయితే పసుపు, కాఫీపొడి, సున్నం, టూత్‌పేస్టు దేనినీ పూయవద్దు. అవి గాయాన్ని కప్పుతాయి, మురికి చేరుస్తాయి, కుట్టే ముందు వాటిని కడగడానికే మాకు చాలాసేపు పడుతుంది. త్రాగడానికి పనికివచ్చే నీటి ధార క్రింద గాయాన్ని కడిగి, శుభ్రమైన గుడ్డతో నేరుగా గాయం మీదనే గట్టిగా అదిమి, చేతిని గుండె కంటే ఎత్తున పట్టుకోమనండి. ధారాళంగా కారుతుంటే కడగడం మాని ముందు అదమండి. పది నిమిషాలు గడియారం చూసి అదమాలి. నిమిషానికొకసారి గుడ్డ తీసి చూస్తే గడ్డకట్టిన రక్తం మళ్ళీ ఊడుతుంది. వేలి మొదట్లో దారంతో బిగించి కట్టవద్దు. కత్తి గుచ్చుకొని నిలిచిపోతే లాగవద్దు, కదలకుండా అలాగే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. వేలి ముక్క తెగిపోతే తడి గుడ్డలో చుట్టి, పాలిథిన్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరును మంచు కలిపిన నీటిలో పెట్టండి. మంచుగడ్డ నేరుగా తగిలితే ఆ ముక్క పాడవుతుంది. 108కి ఫోన్ చేయండి.

ధనుర్వాతం గురించి ఒక మాట. అది తుప్పు వల్ల వస్తుందని జనంలో ఒక అపోహ. దాని బీజాలు మట్టిలో ఉంటాయి, తళతళలాడే కత్తి మీద కూడా ఉండవచ్చు. ప్రభుత్వ టీకాల పట్టికలో 10, 16 ఏళ్ళకు టీడీ టీకా ఉంది. ఆ తరువాత స్త్రీలకు గర్భిణీ దశలో గుర్తుచేసేవారు ఉన్నారు. మూటలు మోసే మగవానికి గుర్తుచేసేవారు ఎవరూ లేరు. లోతైన లేదా మట్టిపట్టిన గాయమై, చివరి మోతాదు తీసుకొని అయిదేళ్ళు దాటితే, లేదా ఎప్పుడు తీసుకున్నాడో తెలియకపోతే, అదే రోజున టీకా వేయించాలి. ఎన్నడూ టీకాలు పడనివానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం కావచ్చు. వానిని మీ బండిలో ఎక్కించుకొని వెళ్ళండి. ఆ రోజు కూలి పూర్తిగా ఇప్పించండి, చేయి మానేదాకా ఆ మేస్త్రీ ఫోన్ నంబరు దగ్గర ఉంచుకొని విచారించండి.

ఇల్లు మారేటప్పుడు పనికిరాని పాత కత్తులు, విరిగిన తురుము పీటలు బయటపడతాయి. వాటిని వెళ్ళే ముందు రాత్రి నల్లని చెత్త కవరులో వేసి గేటు దగ్గర పెట్టిపోవడం చాలా ఇళ్ళలో చూశాను. తెల్లవారి ఆ కవరును నగరపాలక సంస్థ కార్మికురాలు చేత్తో ఎత్తి బండిలో వేస్తుంది, అవసరమైతే చేత్తోనే విప్పి తడి చెత్త వేరుచేస్తుంది. ఆ కత్తులకు కూడా అట్ట తొడిగి, ఒక డబ్బాలో పెట్టి, పాత ఇనుము కొనేవానికి మూత తీసి చూపించి ఇవ్వండి.